తొలిసారి జట్టు నాయకత్వం: సాఫ్ట్‌వేర్ పని నిర్వహణ

బరంపురం బడా బజార్ ప్రాంతపు తెలుగు కుటుంబాల నుండి ఇంజనీరింగు చదివి భువనేశ్వరం, విశాఖపట్నం, హైదరాబాదు నగరాలలో ఉద్యోగాలలో చేరిన యువతీయువకులు కొన్నేళ్ళకు ‘టీమ్ లీడ్’ హోదాను పొందుతారు. నిన్నటి వరకు తన వంతు ప్రోగ్రాము వ్రాసి ఊరకుండిన వ్యక్తి నేడు పదిమంది పనికి జవాబుదారీ అవుతాడు. ఈ మార్పుకు కళాశాలలలో శిక్షణ దాదాపు లేనట్లే.

ఈ విషయమున ఐ.బి.ఎం. సంస్థ అనుభవం నేటికీ పాఠమే. 1964లో ప్రకటితమైన సిస్టమ్/360 కంప్యూటర్ల కొరకు తలపెట్టిన ఓఎస్/360 సాఫ్ట్‌వేర్ గడువు దాటిపోయింది. ఆ పనికి సారథ్యం వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో వెలువరించిన ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ గ్రంథంలో కారణాలను విశ్లేషించాడు. ఆలస్యమైన పనిలో కొత్తవారిని చేర్చితే అది మరింత వెనుకబడుతుందని ఆయన సిద్ధాంతం. కొత్తవారికి నేర్పవలసినది పాతవారే గనుక ఆ మేరకు వారి పని నిలిచిపోతుంది. పైగా ముగ్గురి నడుమ మాటల దారులు 3 మాత్రమే. ఆరుగురైతే 15, పదిమందైతే 45. బరంపురం పట్టు నేతగాండ్రకు ఇది వింత కాదు. మగ్గం మీద చీర ఆలస్యమైనదని నలుగురిని కూర్చోబెట్టి నేయించలేరు గదా!

కొత్త నాయకుడు సాధారణంగా చేసే పొరపాటు, తన చేతివేగాన్ని బట్టి ఇతరుల పనికి గడువు చెప్పడం. ఆ పని చేయబోయేవారినే అడిగి, పరీక్షించి తప్పులు దిద్దే కాలాన్ని, సెలవులను కలిపి లెక్కించాలి. రెండేళ్ళకొకసారి వచ్చే ఠాకురాణి యాత్రకు బరంపురం వారు ఊరు చేరక మానరు. అదీ లెక్కలో ఉండవలసిందే. వెనుకబడినవారి పనిని రాత్రివేళ తానే పూర్తిచేయడం మరొక పొరపాటు. దాని వలన వారు నేర్చుకోరు, అసలు లోపం ఎక్కడున్నదో పైవారికీ తెలియదు.

2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది నిపుణులు ప్రకటించిన ‘ఎజైల్’ సూత్రాల వలన, పనిని చిన్న భాగాలుగా చేసి తరచుగా చూపించే పద్ధతి వ్యాపించింది. ఆరు వారాల పనిలో రెండవ వారానికే జాప్యం బయటపడితే, ఏ అంశాన్ని తరువాతకు వాయిదా వేయవచ్చునో ఖాతాదారుతో మాట్లాడే వ్యవధి ఉంటుంది. అయిదవ వారం వరకు దాచితే కోతపడేది పరీక్షలకే. తప్పులను అప్పుడు ఖాతాదారే కనుగొంటాడు.