మార్క్వెట్ కారాగారమున ఒక ఆట

మిషిగన్ అనగానే మన పావగడ తాలూకా వల్లూరువారికి డెట్రాయిట్ మోటారు కార్ఖానాలు స్ఫురించుట సహజమే గాని, నేను నివాసమేర్పరచుకొన్న ఈ రాష్ట్రమును గౌరవించుటకు కారణము వేరొకటి కలదు. 1830లో డెట్రాయిట్‌లో స్టీఫెన్ సిమ్మన్స్ అను హంతకుని బహిరంగముగా ఉరితీయగా, చూచిన జనుల మనస్సులలో పుట్టిన ఏవగింపు ఏండ్లు గడిచినను చల్లారక, తుదకు 1846లో ఇచటి శాసనసభ రాజద్రోహమునకు తప్ప మరి ఏ నేరమునకును మరణశిక్ష విధింపరాదని శాసించెను. హంతకుని చంపనని నిశ్చయించుకొన్న ప్రభుత్వము వానిని యావజ్జీవము మనుష్యునిగా నిలుపు విధమును గూర్చియు ఆలోచింపవలసియుండును గదా!

సుపీరియర్ మహాసరస్సు తీరమున 1889లో వెలసిన మార్క్వెట్ కారాగారము కరడుగట్టిన ఖైదీలకు నెలవు. 1950లో జైలు చూడవచ్చిన గవర్నరు విలియమ్స్ మీదనే వారిలో కొందరు తిరుగబడిరి. 1952లో జాక్సన్ జైలు అల్లరులతో రాష్ట్రమే కలవరపడెను. ఇట్టి దినములలో మార్క్వెట్ అధికారులు ఓకీ బ్రమ్ అను మంచుహాకీ ఆటగానిని ఖైదీల క్రీడలకు అధిపతిగా నియమించిరి. 1953 వేసవిలో డెట్రాయిట్ రెడ్ వింగ్స్ అను మంచుహాకీ జట్టు మేనేజరు జాక్ ఆడమ్స్ అచటికి రాగా, మీ జట్టును తెచ్చి మాతో ఆడింపుడని ఖైదీలు కోరిరి. ఆయన పరిహాసముగానే ఒప్పుకొనెను. శీతకాలము రాగానే బ్రమ్ జైలు ఆవరణమున నీరు పోయించి, గడ్డకట్టిన పిమ్మట మరల పోయించి, మన రైతులు కళ్లమును అలికినట్లు పొరమీద పొరగా మంచునేలను సిద్ధపరచెను.

1954 ఫిబ్రవరి 2న గోర్డీ హౌ, టెడ్ లిండ్సే, గోలు కాపరి టెర్రీ సాచుక్ మొదలగు మేటి క్రీడాకారులు ఆ గోడల నడుమ ఆరుబయట, వందలకొలది ఖైదీలు చూచుచుండగా, మంచుమీదికి దిగిరి. మొదటి భాగము ముగియునప్పటికి రెడ్ వింగ్స్‌కు 18 గోలులు, ఖైదీలకు సున్న. అంతట లెక్క చూచుట మానివేసి, ఇరుజట్లవారును కలిసి పంచుకొని, మిగిలిన ఆట ఆడిరి. ఆ వసంతముననే మంచుహాకీలో అత్యున్నతమైన స్టాన్లీ కప్పు గెలిచిన జట్టు రెడ్ వింగ్స్!

హతుల కుటుంబములను మరచి హంతకులకు వినోదమా యని అడుగువారి మాట త్రోసివేయదగినది కాదు. అయినను శిక్ష స్వేచ్ఛను హరించుటతో ఆగవలెనని నా దృఢవిశ్వాసము. బిడ్డలను చూడ మిషిగన్‌కు వచ్చు మన పావగడ తాలూకావారు డెట్రాయిట్‌తోనే మరలిపోక, ఉత్తరమున మార్క్వెట్ వరకును పోయి రావలెనని నా ప్రార్థన. ఆ కారాగారము నేటికిని పనిచేయుచునే యున్నది.