అంటార్కిటికాలో హార్లిక్ పర్వతాలు ఎందుకున్నాయి? మనుషుల్లేని ఖండానికి పేర్లు పెట్టిన కథ

ముందుగా మీకో అడ్రస్ చదివి వినిపిస్తాను. భారతి స్టేషన్, లార్స్‌మన్ హిల్స్, ఇంగ్రిడ్ క్రిస్టెన్సెన్ కోస్ట్, ప్రిన్సెస్ ఎలిజబెత్ ల్యాండ్, అంటార్కిటికా.

2012లో మన దేశం మొదలుపెట్టిన రీసెర్చ్ స్టేషన్ ఉన్న చోటు ఇది. ఇందులో మనం పెట్టుకున్న పేరు భారతి ఒక్కటే. మరి ఈ ఇంగ్రిడ్ ఎవరు? నార్వేలో తిమింగలాల వేట వ్యాపారం చేసిన లార్స్ క్రిస్టెన్సెన్ గారి భార్య. ఎలిజబెత్ ఎవరు? తర్వాత బ్రిటన్ రాణి అయిన ఎలిజబెతే. 1931లో ఆ నేలకి ఆ పేరు పెట్టేటప్పటికి ఆ పాపకి ఇంకా ఐదేళ్ళు కూడా నిండలేదు. ఇంగ్రిడ్ అయినా నయం, 1930లలో నాలుగుసార్లు ఓడెక్కి ఆ దక్షిణ సముద్రాల దాకా వెళ్ళింది.

ఈ రోజు ఎపిసోడ్ దీని గురించే. అంటార్కిటికాలో, దాని చుట్టుపక్కల దీవుల్లో ఉన్న కొండలకి, తీరాలకి, సముద్రాలకి ఆ పేర్లు ఎలా వచ్చాయి? ఇది జీకే బిట్ లాంటి విషయం అనుకోకండి. దీని వెనక డబ్బుంది, భయముంది, దేశాల మధ్య గొడవలున్నాయి.

ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. మన ఊళ్ళకి పేర్లెలా వస్తాయి? అక్కడ బతికే జనం పిలిచి పిలిచి వస్తాయి. చెరువుని బట్టో, చెట్టుని బట్టో, గుడిని బట్టో. ఆఫ్రికాలో అయినా, అమెరికాలో అయినా యూరప్ వాళ్ళు వెళ్ళేసరికి అక్కడ జనం ఉన్నారు, వాళ్ళ పేర్లున్నాయి. వీళ్ళు వాటిని చెరిపేసి తమవి రాశారు. అంటార్కిటికాలో అలా చెరపడానికి కూడా ఏమీ లేదు. అక్కడ స్థానికులే లేరు. పూర్తిగా ఖాళీ పలక. అందుకే ఆ పేర్లు చూస్తే ఆ నేల గురించి కన్నా, పేరు పెట్టినవాళ్ళ గురించే ఎక్కువ తెలుస్తుంది.

మొదట నావికుల దగ్గరికి వెళ్దాం.

1775 జనవరి. కెప్టెన్ జేమ్స్ కుక్ దక్షిణ అట్లాంటిక్‌లో మంచుతో కప్పేసిన నేల చూశాడు. ఇదే అందరూ వెతుకుతున్న దక్షిణ ఖండం అయ్యుండొచ్చని ఆశ. దిగి, తమ రాజు మూడో జార్జి పేరు పెట్టి, ఇది మాదే అని ప్రకటించాడు. తర్వాత తీరం వెంబడి దక్షిణానికి వెళ్తే, కొన్ని రోజుల్లోనే నేల అయిపోయింది. అది ఖండం కాదు, ఒక దీవి. ఆ దీవి దక్షిణపు కొనకి ఆయన పెట్టిన పేరు కేప్ డిసపాయింట్‌మెంట్, అంటే నిరాశ అగ్రం. రెండున్నర శతాబ్దాలైనా ఆ రోజు ఆయన మూడ్ ఏంటో మ్యాప్‌లో అలాగే ఉంది. ఆ దీవే సౌత్ జార్జియా.

ఇంతకన్నా పెద్ద నిరాశ ఇంకోటుంది. 1772లో కెర్గెలెన్ అనే ఫ్రెంచ్ కెప్టెన్ హిందూ మహాసముద్రం దక్షిణాన ఒక నేల చూశాడు. తను సరిగా దిగి చూడకుండానే వెనక్కి వెళ్ళి, రాజు పదిహేనో లూయీకి ఓ రేంజ్‌లో చెప్పాడు. మంచి సారవంతమైన నేల, దక్షిణాన మనకో కొత్త ఫ్రాన్స్ దొరికింది అన్నట్టు. రాజు నమ్మి మళ్ళీ ఓడలిచ్చి పంపాడు. తీరా చూస్తే అక్కడ చెట్టు లేదు, పంట లేదు. గాలి, వాన, చలి, అంతే. తిరిగొచ్చాక కెర్గెలెన్‌ని విచారించి జైల్లో పెట్టారు. 1776 క్రిస్మస్ రోజుల్లో కుక్ అక్కడికి వెళ్ళాడు. అందుకే అక్కడ క్రిస్మస్ హార్బర్ ఉంది. ఈ దీవికి డెసొలేషన్, అంటే పాడుబడ్డ నేల, అనే పేరే సరిగ్గా సరిపోతుంది, కానీ కనిపెట్టినాయన గౌరవం నేను లాక్కోను అన్న అర్థంలో రాసుకున్నాడు కుక్. అలా జైలుకెళ్ళిన మనిషి పేరే ఆ దీవులకి మిగిలింది.

తర్వాత సీల్ వేటగాళ్ళు వచ్చారు. వీళ్ళకి రాజులు, రాణులతో పనిలేదు. కంటికి ఏం కనిపిస్తే అదే పేరు. ఎలిఫెంట్ సీల్స్ కనిపించిన చోటు ఎలిఫెంట్ ఐలాండ్. ఇంకొకటి డిసెప్షన్ ఐలాండ్, అంటే మోసపు దీవి. బయటి నుంచి మామూలు దీవిలాగే ఉంటుంది. ఒక సన్నని సందులోంచి లోపలికి వెళ్తే మధ్యలో పెద్ద సరస్సులాగా సముద్రం. నిజానికి అది కూలిపోయిన అగ్నిపర్వతం నోరు, అందులోకి సముద్రం నీళ్ళు వచ్చి చేరాయి. ఆ సందు దగ్గర గాలి ఎంత గట్టిగా కొడుతుందంటే దానికి నెప్ట్యూన్స్ బెలోస్ అని పేరు. సముద్రదేవుడి కొలిమితిత్తి అన్నమాట. ఆ అగ్నిపర్వతం చచ్చిపోలేదు కూడా. 1967లో, 1969లో పేలి అక్కడున్న స్టేషన్లని పాడుచేసింది. మొత్తం మ్యాప్‌లో నాకు బాగా నచ్చిన పేర్లు ఇవే. నిజంగా ఆ చోటు గురించి ఏదో చెప్తాయి.

ఆ తర్వాత పేర్లు ఓడలవి, ఇంట్లోవాళ్ళవి. 1840లో ఫ్రెంచ్ నావికుడు డ్యూమోంట్ డర్విల్ ఒక తీరానికి తన భార్య అడెల్ పేరు మీద అడెలీ ల్యాండ్ అని పెట్టాడు. ఇల్లు వదిలి ఏళ్ళ తరబడి సముద్రం మీద తిరిగిన తనకోసం ఎదురుచూసింది కదా, అందుకని. మీరు డాక్యుమెంటరీల్లో చూసే అడెలీ పెంగ్విన్ ఉంది చూశారూ, ఆ పేరు కూడా ఆవిడదే. ఆ ఇద్దరూ, వాళ్ళబ్బాయీ 1842లో ఒకే రైలు ప్రమాదంలో పోయారు. పెంగ్విన్ మాత్రం ఆ పేరు మోస్తూనే ఉంది.

1841లో జేమ్స్ క్లార్క్ రాస్ వెళ్ళినప్పుడు మంచు మధ్యలో ఒక అగ్నిపర్వతం పొగ కక్కుతూ కనిపించింది. తన రెండు ఓడల పేర్లు ఎరెబస్, టెర్రర్. పక్కపక్కనే ఉన్న రెండు కొండలకి అవే పెట్టేశాడు. నాలుగేళ్ళ తర్వాత ఆ రెండు ఓడలే ఫ్రాంక్లిన్ యాత్రలో ఉత్తరాన ఆర్కిటిక్ వైపు వెళ్ళి, 129 మందితో సహా తిరిగి రాలేదు. ఓడలు ఉత్తరాన మునిగిపోయాయి, వాటి పేర్లు దక్షిణాన కొండలై నిలబడ్డాయి.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. 20వ శతాబ్దం వచ్చేసరికి యాత్ర అంటే పెద్ద ఖర్చు. మరి స్పాన్సర్‌కి తిరిగి ఏమిస్తాం? స్టార్టప్ వాళ్ళయితే షేర్లిస్తారు. వీళ్ళు కొండలిచ్చారు. 1908లో షాకిల్టన్ ధ్రువం వైపు వెళ్తూ ఒక భారీ గ్లేసియర్ చూసి, తనకి డబ్బు సాయం చేసిన స్కాట్లాండ్ ఓడల పారిశ్రామికవేత్త విలియం బేర్డ్‌మోర్ పేరు పెట్టాడు. ఈ బేర్డ్‌మోర్ గ్లేసియర్ పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

1933లో అమెరికాకి చెందిన అడ్మిరల్ రిచర్డ్ బర్డ్ రెండో యాత్రకి బయల్దేరాడు. దాతల్లో ఒకాయన విలియం హార్లిక్. అవును, మనం చిన్నప్పుడు పాలల్లో కలుపుకుని తాగిన హార్లిక్స్ కంపెనీ మొదలుపెట్టిన అన్నదమ్ముల్లో ఒకాయన. రాజమండ్రి వైపు వాళ్ళకైతే హార్లిక్స్ ఫ్యాక్టరీ గురించి నేను చెప్పక్కర్లేదు. బర్డ్ తన పెద్ద విమానానికి విలియం హార్లిక్ అని పేరు పెట్టాడు. కొత్తగా కనిపించిన పర్వతాలకి హార్లిక్ మౌంటెన్స్ అన్నాడు. హార్లిక్ గారి కూతురు మేబెల్ సిడ్లీ కూడా విరాళం ఇచ్చారు, ఆవిడకి మౌంట్ సిడ్లీ. అది అంటార్కిటికాలోకెల్లా ఎత్తైన అగ్నిపర్వతం, 4,000 మీటర్లకి పైనే. మొత్తం ఖండంలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం ఉన్న విన్సన్ మాసిఫ్, 4,892 మీటర్లు, ఎవరి పేరో తెలుసా? అంటార్కిటికా యాత్రలకి అండగా నిలిచిన అమెరికా కాంగ్రెస్ సభ్యుడు కార్ల్ విన్సన్‌ది.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఇక్కడి నుంచి సీరియస్. ఎందుకంటే పేరు పెట్టడం అంటే పాస్‌బుక్‌లో పేరెక్కించుకోవడం లాంటిది. ఈ భూమి నాది అని చెప్పడం.

మన ఇంకో స్టేషన్ మైత్రి అడ్రస్ చూడండి. షిర్మాకర్ ఒయాసిస్, క్వీన్ మాడ్ ల్యాండ్. మాడ్ నార్వే రాణి. షిర్మాకర్ ఒక జర్మన్ పైలట్. రెండు దేశాల పేర్లు ఒకే అడ్రస్‌లోకి ఎలా వచ్చాయి? 1938 చివర్లో హిట్లర్ జర్మనీ ష్వాబెన్‌లాండ్ అనే ఓడలో విమానాలు పెట్టి పంపింది. ఆ విమానాలు మంచు మీద స్వస్తిక గుర్తున్న లోహపు బాణాలు జారవిడిచాయి, సరిహద్దు రాళ్ళు పాతినట్టు. ఆ ప్రాంతానికి నోయ్‌ష్వాబెన్‌లాండ్ అని పేరు పెట్టారు. కానీ నార్వే అంతకుముందే, 1939 జనవరి 14న, ఆ నేల మాది అని ప్రకటించేసింది. యుద్ధంలో జర్మనీ ఓడిపోయింది. బాణాల దావా పోయింది, పైలట్ పేరు మాత్రం ఉండిపోయింది.

ఇంకో గొడవ చూడండి. దక్షిణ అమెరికా వైపు తోకలా సాగిన ద్వీపకల్పం ఉంది కదా. బ్రిటన్ మ్యాప్‌లో అది గ్రాహం ల్యాండ్, వాళ్ళ నౌకాదళ మంత్రి పేరు. అమెరికా మ్యాప్‌లో పామర్ పెనిన్సులా, వాళ్ళ సీల్ వేటగాడి పేరు. చిలీకి ఓ'హిగిన్స్ ల్యాండ్, అర్జెంటీనాకి సాన్ మార్టిన్ ల్యాండ్. ఈ ఇద్దరూ ఆ దేశాల స్వాతంత్ర్య వీరులు. ఒకే నేల, నాలుగు పేర్లు, ఒకడి పేరు ఇంకొకడు వాడడు. వాడితే ఒప్పుకున్నట్టే కదా! చివరికి 1964లో బ్రిటన్, అమెరికా రాజీపడి అంటార్కిటిక్ పెనిన్సులా అన్నాయి. ఉత్తర భాగం గ్రాహం ల్యాండ్, దక్షిణ భాగం పామర్ ల్యాండ్. ఆస్తి పంపకాల్లో పెద్దమనుషులు చెప్పే తీర్పులాగే ఉంది.

అక్కడే కింగ్ జార్జ్ ఐలాండ్ ఉంది. బ్రిటన్‌కి అది రాజు పేరు. అర్జెంటీనాకి మే 25 దీవి, 1810లో వాళ్ళ విప్లవం జరిగిన రోజు. రష్యా వాళ్ళకి వాటర్లూ, నెపోలియన్ ఓడిపోయిన చోటు. మంచు మాత్రం అందరికీ ఒకటే.

1959లో 12 దేశాలు అంటార్కిటిక్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 1961 నుంచి అది అమల్లో ఉంది. పాత దావాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి, కొత్తవి పెట్టకూడదు. మరి పేర్లు? అవి ఆగలేదు. ఏ దేశం కమిటీ ఆ దేశానిదే. ఇప్పుడు అన్నీ కలిపి ఒక ఉమ్మడి జాబితా ఉంది, అందులో 30 వేలకి పైగా పేర్లున్నాయి. ఒకే కొండకి రెండు మూడు పేర్లుంటే అన్నీ రాస్తారు. మన భాషలో చెప్పాలంటే మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్‌ని పరిష్కరించకుండా అలాగే సేవ్ చేశారు. బ్రిటన్ కమిటీ సంగీతకారుల్ని పట్టుకుంది. బాక్ ఐస్ షెల్ఫ్, బేతోవెన్ పెనిన్సులా ఉన్నాయి. లివింగ్‌స్టన్ దీవిలో బల్గేరియా తన ఊళ్ళ పేర్లు వరసగా పెట్టింది. అమెరికా రూల్స్‌లో అయితే ప్రొడక్టుల పేర్లు, స్లెడ్జి కుక్కల పేర్లు పెట్టకూడదని స్పష్టంగా ఉంది. హార్లిక్ గారు తొందరగా వచ్చారు కాబట్టి సరిపోయింది.

ఇన్ని వేల పేర్లలో ఎవరు లేరో కూడా చూడాలి. జార్జ్ గిబ్స్ అనే నల్లజాతి అమెరికన్ 1940లో బర్డ్ యాత్ర ఓడలో వంట, వడ్డన పనిచేస్తూ అంటార్కిటికాలో కాలుపెట్టాడు. ఆ ఖండం మీద అడుగుపెట్టిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే. డబ్బిచ్చిన వాళ్ళకి వెంటనే కొండలొచ్చాయి. ఆయన పేరుతో గిబ్స్ పాయింట్ వచ్చింది 2009లో. దాదాపు 70 ఏళ్ళు. అప్పటికి ఆయన లేరు.

మన వాళ్ళ పేర్లూ ఉన్నాయి. అమెరికాలో స్థిరపడిన బిహార్ శాస్త్రవేత్త అఖౌరీ సిన్హా 1970ల మొదట్లో అక్కడ సీల్స్, తిమింగలాలు, పక్షుల మీద పనిచేశారు. ఆయన పేరుతో మౌంట్ సిన్హా ఉంది. మైత్రి పక్కనున్న సరస్సు ప్రియదర్శిని, అది ఇందిరాగాంధీ పేరు. మన మొదటి స్టేషన్ దక్షిణ గంగోత్రి మంచులో కూరుకుపోయింది. మనమూ వెళ్ళగానే అందరూ చేసిందే చేశాం. గంగని తీసుకెళ్ళి అక్కడ పెట్టాం.

చివరిగా ఒక్క పేరు. 1912లో స్కాట్ బృందం ధ్రువం నుంచి వెనక్కి వస్తూ చనిపోయింది. ఆకలి, చలి, నడవలేని స్థితి. అయినా వాళ్ళ స్లెడ్జి మీద సుమారు 16 కిలోల రాళ్ళున్నాయి, పారేయలేదు. కొన్ని బేర్డ్‌మోర్ గ్లేసియర్ పక్కన ఏరినవి. వాటిలో గ్లోసోప్టెరిస్ అనే పురాతన మొక్క ఆకుల శిలాజాలు దొరికాయి. మన గోదావరి లోయలో సింగరేణి బొగ్గు ఏర్పడిన కాలంలో ఇక్కడ పెరిగిన మొక్క జాతి కూడా అదే! ఒకప్పుడు ఇండియా, అంటార్కిటికా ఒకే నేలగా కలిసి ఉండేవని చెప్పే సాక్ష్యాల్లో అదొకటి. ఆ పాత మహాఖండం పేరు గోండ్వానా. మధ్య భారతంలో గోండులు ఉండే ప్రాంతం నుంచి 19వ శతాబ్దపు భూగర్భ శాస్త్రవేత్తలు తీసుకున్న పేరు. ఆదిలాబాద్ అడవుల్లో ఇప్పటికీ ఉన్నారు కదా, ఆ గోండులే. జర్మనీ వాళ్ళు అంటార్కిటికాలో కట్టిన ఒక స్టేషన్ పేరు కూడా గోండ్వానా.

అలా రాజులు, రాణులు, స్పాన్సర్ల మధ్య మన గోండుల పేరు కూడా ఆ మంచు దాకా వెళ్ళింది. కాకపోతే వాళ్ళని ఎవరూ అడగలేదు. ఇంకో సంగతి, గోండు అనేది బయటివాళ్ళు పిలిచిన పేరు. వాళ్ళు తమని తాము కోయితూర్ అని చెప్పుకుంటారు.

అందుకే ఈసారి ఫోన్‌లో మ్యాప్ జూమ్ చేసినప్పుడు, అది అంటార్కిటికా అయినా మీ ఊరి పక్క గుట్ట అయినా, ఈ పేరు ఎవరు పెట్టారు, అంతకుముందు దాన్ని ఎవరైనా ఏమైనా పిలిచేవాళ్ళా అని ఒకసారి వెతకండి. మీ ఊరి పెద్దవాళ్ళు మాత్రమే వాడే, మ్యాప్‌లో లేని పేరు ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి. వాటిలో కొన్ని తీసుకుని ఇంకో ఎపిసోడ్ చేద్దాం. అప్పటిదాకా ఉంటాను, బై.