ఉద్యోగార్థులను వడకట్టు మూడు మాటలు

ఒక్క కొలువునకు వందలకొలది దరఖాస్తులు వచ్చునపుడు, వానిని మొదట చదువునది పెక్కుచోట్ల మనుష్యుడు కాదు, కంప్యూటరు. ఆ వడపోతకు ఆధారము "మరియు", "లేదా", "కాదు" అను మూడు చిన్న మాటలు. వాని చరిత్రమును శ్రోతలకు మనవి చేయుదుము.

ఈ మాటలను గణితమునకు లొంగదీసినవాడు జార్జి బూల్. ఇంగ్లండులో చెప్పులు కుట్టి జీవించిన సామాన్యుని కుమారుడు. 1849లో ఐర్లండునందలి కార్కు కళాశాలలో ఆచార్యుడై, 1854లో ఆలోచనా నియమములను గూర్చిన తన గ్రంథమును ప్రకటించెను. ఆయన భార్య మేరీ, 1818లో హైదరాబాదు వచ్చి కృష్ణా గోదావరుల నడిమి నేలను కొలిచిన జార్జి ఎవరెస్టు సోదరుని కుమార్తె. బూల్ గణితము విద్యుత్తు స్విచ్చులకును వర్తించునని 1937లో అమెరికా విద్యార్థి క్లాడ్ షానన్ నిరూపించెను. నేటి కంప్యూటరునకు అదియే పునాది.

మన దేశమున ఈ పనిని పూర్వము గుమాస్తాలు చేసిరి. 1945లో వెలసిన ఉపాధి కల్పనా కార్యాలయములలో అభ్యర్థికొక కార్డు ఉండెడిది. ఖాళీలను ఆ కార్యాలయములకు తెలుపవలెనని 1959 నాటి చట్టము శాసించెను. మెట్రిక్కును టైపును కోరినచో, రెండును గల కార్డులను గుమాస్తా ఏరెడివాడు. అదియు "మరియు" అను మాటయే. అయితే గుమాస్తాకు ఊళ్లు తెలియును. యంత్రమునకు అక్షరములే తెలియును.

నర్మెట్టనే తీసికొందము. 2016 అక్టోబరు 11వ తేదీన జనగామ జిల్లా ఏర్పడువరకు అది వరంగల్లు జిల్లాలోనిది. కావున ఒకే ఊరివారిలో ఒకని పాత పత్రములలో వరంగల్లు, వేరొకని కొత్త పత్రములలో జనగామ ఉండును. యజమాని "టాలీ మరియు జనగామ" అని వెదకినచో, టాలీ చక్కగా తెలిసిన మొదటివాడు కనబడనే కనబడడు. "టాలీ మరియు జనగామ లేదా వరంగల్లు" అన్నచో, సాధారణముగా "మరియు" ముందు లెక్కకు వచ్చుటచే, టాలీ రాని వరంగల్లువారందరును వచ్చి పడుదురు. "టాలీ మరియు (జనగామ లేదా వరంగల్లు)" అని కుండలీకరణములలో బంధించిననే ఇరువురికి న్యాయము.

"కాదు" అనుమాట మరింత కఠినము. "సహాయకుడు కాదు" అని వ్రాసినచో, ఒకప్పుడు సహాయకుడై, నేడు పెద్ద గుమాస్తా అయినవాడును తొలగిపోవును. తన్ను తొలగించిన మాట ఏదో అతనికి తెలియనే తెలియదు.

కావున ఉద్యోగమిచ్చువారు "లేదా"ను ఉదారముగను, "కాదు"ను పొదుపుగను వాడవలెను. దరఖాస్తు పెట్టు మన పిల్లలు "నర్మెట్ట, జనగామ జిల్లా, పూర్వపు వరంగల్లు జిల్లా" అని రెండు పేర్లును వ్రాయుట మేలు. యజమాని ఏ మాటతో వెదకునో ముందుగా తెలియదు గదా!