చేరని ఆజ్ఞ

దూరముననున్న యంత్రమునకు ఆజ్ఞ యిచ్చి పని చేయించుట నేడు పసిపిల్లలకు కూడ తెలిసిన విద్య. కుర్చీలో కూర్చుండి మీట నొక్కినంతనే టెలివిజను వెలుగును, పంకా తిరుగును, శీతలయంత్రము చల్లనిగాలిని వదలును. అయితే ఆజ్ఞను పంపుట వేరు, అది చేరుట వేరు, చేరిన ఆజ్ఞ అమలు జరుగుట వేరు. ఈ మూడింటికి గల భేదము యంత్రము చక్కగ పనిచేయుచున్నంతకాలము ఎవరి దృష్టికిని రాదు. అది మొరాయించిననాడే తెలియవచ్చును.

ఈ సంగతి ఇంటిలోని చిన్న రిమోటు విషయమున ఎంత నిజమో, నెల్లూరు తీరమున శ్రీహరికోట నుండి పైకెగయు రాకెట్టు విషయమునను అంత నిజము. ఇంటిలో దీనిని గ్రహించుటకు పది నిమిషములు చాలును. శ్రీహరికోటలో గ్రహించుటకు ఒక రాకెట్టును, ఒక ఉపగ్రహమును, మూడు సంవత్సరముల శ్రమను వెచ్చించవలసి వచ్చెను.

మీటకును యంత్రమునకును నడుమ

తీగ లేకుండ యంత్రమును నడుపవచ్చునని లోకమునకు మొదట ప్రదర్శించి చూపినవారిలో నికోలా టెస్లా ముఖ్యుడు. 1898లో ఆయన న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక చిన్న పడవను రేడియో తరంగములచే నడిపెను. ఈ విద్య గృహములలో ప్రవేశించుటకు మరి యాభై సంవత్సరములకు పైగా పట్టినది. 1955లో అమెరికాలోని జెనిత్ కంపెనీ ఇంజనీరు యూజీన్ పోలీ, టార్చిలైటువంటి పరికరముతో వెలుగును ప్రసరింపజేసి టెలివిజనును నడుపు పద్ధతిని కల్పించెను. కాని కిటికీలోనుండి ఎండ పడినపుడు కూడ ఆ టెలివిజను దానిని ఆజ్ఞగా భావించెడిది. మరుసటి ఏట అదే కంపెనీకి చెందిన రాబర్ట్ ఆడ్లర్ వెలుగును విడిచి, మానవుని చెవికి వినరాని అతిధ్వనులను ఉపయోగించెను. చిన్న సుత్తితో అల్యూమినియపు కడ్డీలను కొట్టుటచే ఆ ధ్వని పుట్టెడిది. ఆ రిమోటునకు బ్యాటరీతో పనిలేదు.

నేటి రిమోటులలో అధికభాగము పరారుణ కాంతిపై ఆధారపడియున్నవి. రిమోటు కొననున్న చిన్న దీపము సుమారు 940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల కాంతిని వెదజల్లును. మన కన్ను దానిని చూడజాలదు. ఆ కాంతి సాధారణముగ సెకండునకు 38,000 సార్లు మిణుకుమనును. ఎండలోను, దీపకాంతిలోను గల పరారుణము ఈ వేగముతో మిణుకుమనదు. అందుచే టెలివిజను అసలు ఆజ్ఞను గుర్తింపగలుగుచున్నది. పోలీని వేధించిన చిక్కు ఈ విధముగ తొలగినది. ఆ మిణుకులను పొడుగు పొట్టి విరామములతో కూర్చినచో ఒక సంకేతలిపి ఏర్పడును. ఒక్కొక్క కంపెనీ లిపి ఒక్కొక్క తీరుగ నుండును. అనేక కంపెనీల లిపులను తనలో దాచుకొన్న రిమోటునకు సార్వత్రిక రిమోటు అని పేరు. అది బహుభాషలు నేర్చిన దుబాసి వంటిది.

ఇట్టి దుబాసికి కూడ లొంగని యంత్రములు కలవు. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 అను ఆటయంత్రమునకు పరారుణమును గ్రహించు కన్ను ఉండెను. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3కు అట్టి కన్ను లేదు. అది బ్లూటూత్ అను రేడియో పద్ధతిలో వచ్చు ఆజ్ఞలనే వినును. అందును తనతో ముందుగా జతపరచిన పరికరము పలుకులనే లక్ష్యపెట్టును. దాని యెదుట సాధారణ సార్వత్రిక రిమోటును ఎన్నిమార్లు నొక్కినను గ్రుడ్డివానికి సైగ చేసినట్లే. రిమోటులో లోపము లేదు, ఆటయంత్రములోను లోపము లేదు. ఆ రెంటినడుమ దారి లేదు.

దీనిని కనుగొనుట ఎట్లు? ఉపాధ్యాయులు తరగతిలో చేసి చూపదగిన పరీక్ష ఒకటి కలదు. చేతిఫోను కెమేరాను రిమోటు కొనవైపు త్రిప్పి మీట నొక్కినచో ఫోను తెరపై తెల్లనిదో ఊదారంగుదో చిన్న మెరుపు కనబడును. కొన్ని ఫోనుల వెనుక కెమేరాలో పరారుణమును ఆపు వడపోత ఉండును. అపుడు ముందు కెమేరాతో చూడవలెను. మెరుపు కనబడినచో పంపువాడు బాగుగ నున్నాడని అర్థము. తరువాత ఆటయంత్రమును దాని స్వంత మీటలపెట్టెతో నడిపి చూడవలెను. అది నడచినచో వినువాడు కూడ బాగుగ నున్నాడు. ఇక మిగిలినది దారి. పరారుణ సంకేతమును గ్రహించి బ్లూటూత్ సంకేతముగ మార్చు మధ్యవర్తి పరికరమును ఉంచినచో పని నెరవేరును. పంపువాడు, దారి, వినువాడు అను ఈ మూడింటిని వరుసగా పరీక్షించక బ్యాటరీలను మార్చుచు కూర్చున్నచో కాలము, ధనము వ్యర్థమగును.

శ్రీహరికోట

పడమట పులికాట్ సరస్సు, తూర్పున బంగాళాఖాతము నడుమ శ్రీహరికోట దీవి ఉన్నది. పూర్వము ఇచ్చట యానాదులు నివసించెడివారు. సరస్సుకు ఇవతల సూళ్ళూరుపేట పట్టణము కలదు. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడువరకు ఈ ప్రాంతము నెల్లూరు జిల్లాలో చేరియుండెను. 1969లో దీనిని రాకెట్టు ప్రయోగములకై ఎన్నుకొనిరి. రాకెట్టు తూర్పునకు పయనించినచో భూభ్రమణమువలన కలుగు వేగము దానికి తోడుపడును. ఈ అక్షాంశమున ఆ వేగము సెకండునకు సుమారు 450 మీటర్లు. అంతేకాక రాకెట్టు దారితప్పినను దాని శకలములు సముద్రముననే పడును. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అను చిన్న రాకెట్టు ఇచ్చటినుండి మొదటిసారి ఎగసెను. 2002లో ఈ కేంద్రమునకు సతీశ్ ధావన్ పేరు పెట్టిరి.

రాకెట్లను ఎగురవేయుటయే కాక ఉపగ్రహములకు ఆజ్ఞలు పంపుట కూడ ఈ తీరమున ఆదినుండి జరిగిన పని. ఇంటి రిమోటునకు ఒకే దారి చాలును. ఆజ్ఞ అమలైనదో లేదో మనిషి కన్నే చెప్పును. ఉపగ్రహమును కంటితో చూచి తెలిసికొనుటకు వీలులేదు. కావున దానికి రెండు దారులు కావలెను. క్రిందినుండి పైకి పోవు ఆజ్ఞ ఒకటి, పైనుండి క్రిందికి వచ్చు సమాచారము మరొకటి. ఉష్ణోగ్రత యెంత, విద్యుత్తు యెంత, ఏ మీట ఏ స్థితిలో నున్నది అను వివరములన్నియు ఈ రెండవ దారిన నిరంతరము వచ్చుచుండును.

1975 ఏప్రిల్ 19న మన దేశపు తొలి ఉపగ్రహము ఆర్యభట సోవియట్ యూనియన్‌లోని కపుస్తిన్ యార్ నుండి కక్ష్యను చేరెను. దాని బరువు 360 కిలోగ్రాములు. శ్రీహరికోటలోని భూకేంద్రము దాని సంకేతములను అందుకొనుచు ఆజ్ఞలను పంపెను. కాని నాలుగు దినములకే విద్యుత్ సరఫరాలో లోపము కలిగి శాస్త్రప్రయోగములు ఆగిపోయినవి. పంపువాడున్నాడు, దారి యున్నది, కాని పనిచేయవలసిన పరికరమునకు శక్తి లేదు.

1981 జూన్ 19న ఫ్రెంచి గయానాలోని కౌరూ నుండి ఏరియన్ రాకెట్టుపై ఆపిల్ అను వార్తాప్రసార ఉపగ్రహము వెడలెను. అంతకుముందు దాని ఆంటెన్నాను పరీక్షించుటలో ఒక చిక్కు వచ్చెను. చుట్టుప్రక్కల లోహముండినచో రేడియో తరంగములు దానిపై బడి వెనుకకు మరలి కొలతను చెడగొట్టును. అందుచే ఆ ఉపగ్రహమును ఎద్దుబండిపై నెక్కించి ఆరుబయట పరీక్ష జరిపిరి. ఆ ఛాయాచిత్రమును చూచి పలువురు దానిని పేదరికమునకు చిహ్నముగ తలంతురు. నిజమునకు అది దారిలోని దోషమును వేరుపరచుటకు ఎన్నుకొన్న చక్కని ఉపాయము. కక్ష్యలో ఆపిల్ యొక్క రెండు సౌరఫలకములలో ఒకటి విచ్చుకొనలేదు. మిగిలిన ఒక్క ఫలకముతోనే శ్రీహరికోట నుండి దానిని నడుపుచు రెండు సంవత్సరములకు పైగా పని చేయించిరి.

ఒకే లక్షణము, వేరు కారణములు

2006 జూలై 10న ఇన్‌శాట్-4సి ఉపగ్రహముతో జీఎస్ఎల్వీ-ఎఫ్02 రాకెట్టు శ్రీహరికోట నుండి లేచెను. సుమారు ఒక నిమిషములో అదుపుతప్పి ఛిన్నాభిన్నమయ్యెను. విచారణలో కారణము తేలినది. రాకెట్టు ప్రక్కలనుండు నాలుగు ద్రవ ఇంధన ఇంజనులలో ఒకటి నేల విడిచిన వెంటనే శక్తిని కోల్పోయినది. ఇంధనమును క్రమపరచు ఒక భాగమును తయారు చేయుటలో జరిగిన పొరపాటు తనిఖీలలో కంటబడక జారిపోయినది. అనగా ఇచ్చట దోషము వినువానిది. ఆజ్ఞ చేరినది గాని అవయవము రోగగ్రస్తమై యుండెను.

2010 డిసెంబరు 25న సాయంత్రము 4 గంటల 4 నిమిషములకు జీఎస్ఎల్వీ-ఎఫ్06 బయలుదేరెను. దానిలో 2,310 కిలోగ్రాముల జీశాట్-5పి ఉండెను. అదే ఏట ఏప్రిల్ 15న స్వదేశీ క్రయోజనిక ఇంజనుతో వెడలిన జీఎస్ఎల్వీ-డి3 కూడ విఫలమై యుండుటచే అందరి చూపులును దీనిపైననే నిలిచినవి. సుమారు 47 సెకండ్లవరకు అంతయు సవ్యముగనే సాగినది. ఆ వెంటనే రాకెట్టు దారితప్పి వంగెను. ఎదురుగాలి తాకిడికి తాళలేక 53.8 సెకండ్లకు విరిగిపోయెను. 64వ సెకండున భద్రతాధికారులు నేలనుండి విధ్వంసక ఆజ్ఞను పంపిరి. దారితప్పిన రాకెట్టు జనావాసములవైపు రాకుండ చేయుటకు నియమించిన కడపటి ఆజ్ఞ అది.

పైకి చూచినచో ఇది 2006 నాటి ప్రమాదమువలెనే యున్నది. నిమిషములోపల అదుపు తప్పినది, విరిగినది. అప్పటి దోషమే మరల జరిగినదని తీర్మానించి ఇంజను భాగములను మార్చియుండినచో అసలు దోషము అట్లే దాగియుండెడిది. ఇస్రో మాజీ అధ్యక్షులు జి. మాధవన్ నాయర్ ఆధ్వర్యమున నియమింపబడిన నిపుణుల సంఘము అట్లు తొందరపడలేదు. ప్రయాణ సమయమున భూమికి చేరిన సమాచారమును, పూర్వ ప్రయోగముల సమాచారమును తరచి చూచెను.

వారు కనుగొన్నది ఇది. రాకెట్టును నడుపు కంప్యూటరు దాని శిఖరమునకు దగ్గరగా నుండును. మొదటి దశ ఇంజనులు అడుగున నుండును. ఏ ఇంజను ఎంత వంగవలెనో కంప్యూటరు ఎడతెగక ఆజ్ఞలను పంపుచుండును. అవి తీగలగుండ దిగివచ్చును. నడుమ క్రయోజనిక దశ అడుగుభాగమున పది కనెక్టర్లు, అనగా తీగలను జతపరచు బిగింపులు ఉన్నవి. అవి 292వ సెకండున, క్రింది దశ విడిపోవునపుడు మాత్రమే ఊడవలెను. కాని అవి మొదటి నిమిషము ముగియకముందే ఊడినవి. కంప్యూటరు ఆజ్ఞాపించుచునే యున్నది, వినవలసిన ఇంజనులకు ఆజ్ఞ అందలేదు. వేల కిలోమీటర్ల శూన్యమును దాటి ఉపగ్రహములకు ఆజ్ఞలు పంపిన తీరమున, రాకెట్టు లోపలి కొద్దిపాటి తీగదారిలో ఆజ్ఞ తెగిపోయెను.

అయితే బిగింపులు ఏల ఊడినవి? దీనిని కూడ తేల్చినగాని విచారణ ముగియదు. క్రయోజనిక దశ అడుగుభాగమును కప్పియుంచు తొడుగు గాలిఒత్తిడికి రూపుచెడి విఫలమగుటయే మూలకారణమని తదుపరి పరిశోధనలో నిర్ణయించిరి. తొడుగు కదలుటచే బిగింపులపై లాగుడు పడినది.

దిద్దుబాటు

తరువాతి జీఎస్ఎల్వీకి ఆ తొడుగును క్రొత్తగ రూపొందించిరి. తీగలు సాగు మార్గమును అధిక బలములకు ఓర్చునట్లు పటిష్ఠము చేసిరి. అంతటితో తృప్తిపడక ప్రయాణములో తొడుగు కదలికను చూచుటకు కెమేరాలను అమర్చిరి. దోషమును దిద్దుట ఒక యెత్తు, దిద్దినది నిజముగ నిలిచినదో లేదో తెలిసికొను కన్నును ఏర్పరచుట మరియొక యెత్తు. 2013 ఆగస్టు 19న కౌంట్‌డౌన్ జరుగుచుండగా రెండవ దశలో ఇంధనము కారుట గమనించి ప్రయోగమును నిలిపివేసిరి. చివరకు 2014 జనవరి 5న జీఎస్ఎల్వీ-డి5 స్వదేశీ క్రయోజనిక ఇంజనుతో లేచి 1,982 కిలోగ్రాముల జీశాట్-14ను కక్ష్యలో ఉంచెను. 292 సెకండ్ల వరకు నిలువవలసినవి నిలిచినవి, ఊడవలసిన వేళ ఊడినవి.

వైద్యుడు జ్వరమును చూచి మందీయడు, జ్వరమునకు హేతువును వెదకును. యంత్రముల విషయమునను అంతే. పలుకని ఆటయంత్రము ముందు కూర్చున్న విద్యార్థియు, కూలిన రాకెట్టు సమాచారమును పరిశీలించు ఇంజనీరును వేయవలసిన ప్రశ్నలు ఒకటే. ఆజ్ఞ బయలుదేరినదా? దారి తెగక యున్నదా? వినువానికి శక్తియు, భాషయు, ఆరోగ్యమును కలవా? ఒక ప్రశ్నకు జవాబు పరీక్షవలన తేలినపిమ్మటనే రెండవదానికి పోవలెను. ఊహతో ఒక మెట్టు దాటినవాడు మంచి పరికరమును పారవేయును, చెడ్డదానిని దాచుకొనును. పాఠశాల ప్రయోగశాలలో వెలుగని బల్బును, బ్యాటరీని, తీగను వేరువేరుగ పరీక్షింపజేసిన ఉపాధ్యాయుడు ఈ విద్యకే అక్షరాభ్యాసము చేయించుచున్నాడు.