ఆల్బమ్ వరుస లేని బృందం

ఇంగ్లండు హార్డ్ రాక్ బృందాల చరిత్ర రాసేవారికి ఒక వసతి ఉంది. ఆల్బమ్‌లను వరుసగా పేర్చుకుంటే చాలు, సగం చరిత్ర సిద్ధమవుతుంది. 1972లో డీప్ పర్పుల్ ‘మెషీన్ హెడ్’, అదే ఏడాది యురయా హీప్ ‘డీమన్స్ అండ్ విజార్డ్స్’. ఏ పాట ఎవరు రాశారు, గిటార్ ఎవరిది, ఎవరు ఎప్పుడు బృందం విడిచారు, అన్నీ అట్టమీదే అచ్చయి ఉంటాయి. ఆ 1972లోనే హైదరాబాదులో జననాట్యమండలి పుట్టింది. తెలుగునాట డెబ్బైల దశకంలో గట్టిగా మోగిన బృందం ఏదని అడిగితే నేను చెప్పే పేరు అదే. కానీ దాని చరిత్రకు అట్టలు లేవు. పాటల పుస్తకాలు, రెండు మూడు సినిమాలు, చేతులు మారి అరిగిపోయిన క్యాసెట్లు మాత్రమే మిగిలాయి. పాట ఎవరిదన్న ప్రశ్నకు కూడా చాలాచోట్ల ఒక్క జవాబు దొరకదు.

ఈ చరిత్రను హైదరాబాదు నుంచి మొదలుపెట్టడం అలవాటు. కృష్ణా జిల్లా పశ్చిమపు అంచు నుంచి మొదలుపెడితే కొన్ని సంగతులు తేటపడతాయని నా అభిప్రాయం. విజయవాడ నుంచి మైలవరం మీదుగా ఎ.కొండూరు, తిరువూరు దాటిన రోడ్డు ఖమ్మం జిల్లాలో ప్రవేశించి భద్రాచలం వైపు పోతుంది. 1948 దాకా ఈ దారి రెండు ఏలుబడులను కలిపేది: ఇటు మద్రాసు ప్రభుత్వం, అటు నిజాం రాజ్యం. 1956లో చెరిగిన ఈ సరిహద్దు గీత 2014లో మళ్లీ పడింది. ఎ.కొండూరు 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. తెలంగాణ రైతాంగ పోరాట కాలంలో కృష్ణా జిల్లా సరిహద్దు గ్రామాలు అటునుంచి వచ్చినవారికి ఆశ్రయమయ్యాయి. మనుషులతో పాటు పాటలూ కథలూ దాటాయి, రెండు వైపులకూ.

దాటినవాటిలో పెద్దది ఒక నాటకం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మా భూమి’ 1947లో రంగస్థలం ఎక్కింది. ఇద్దరూ కోస్తావాళ్లే, రాసింది తెలంగాణ రైతు గురించి, దేశ్‌ముఖ్‌కు ఎదురునిలిచి ప్రాణం పోగొట్టుకున్న బందగీ ఉదంతం ఆధారంగా. 1943లో కమ్యూనిస్టుల సాంస్కృతిక సంఘంగా ఏర్పడిన ప్రజానాట్యమండలి దాన్ని ఊరూరా ఆడించింది. వందకు మించిన దళాలు ఆడాయని ఉద్యమ చరిత్రలు చెబుతాయి. చివరకు మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

ప్రజానాట్యమండలి చేతిలో ఉన్న మరో బలమైన సాధనం బుర్రకథ. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ దానికి కొత్త ఊపిరి పోశాడు. ముగ్గురే మనుషులు: నడుమ తంబురాతో కథకుడు, ఇరుపక్కలా గుమ్మెటలతో వంతలు. ఒకడు హాస్యం చెబుతాడు, ఇంకొకడు రాజకీయం మాట్లాడతాడు. కథ పల్నాటి యుద్ధమో, అల్లూరి సీతారామరాజో కావచ్చు. రాజకీయపు వంత మాత్రం ఆ పూట పేపర్లో ఉన్న సంగతిని అందులోకి లాగుతాడు. ఈ లాగడమే అసలు విద్య. ముప్పై ఏళ్ల తర్వాత జననాట్యమండలి వేదిక మీద పాటకూ పాటకూ మధ్య, ఒక్కోసారి పాట మధ్యలోనే, నడిచిన మాటల వెనుక ఈ రాజకీయపు వంత ఉన్నాడు. ప్రజానాట్యమండలికే చెందిన గరికపాటి రాజారావు 1953లో తీసిన ‘పుట్టిల్లు’ సినిమాను జమున తొలి చిత్రంగా మాత్రమే గుర్తుపెట్టుకున్నాం. ప్రజానాట్యమండలి మనుషులు వెండితెర మీదికి నడిచిన దారి కూడా అదే.

అరవైల చివర గిరిజన రైతాంగ పోరాటంతో శ్రీకాకుళం మండింది. జముకుల కథను ఉద్యమానికి మళ్లించిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో చనిపోయాడు. 1970 జూలై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం (విరసం) ఏర్పడింది. అదే రోజుల్లో బి. నరసింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ అసోసియేషన్‌లోకి తూప్రాన్‌కు చెందిన ఇంజనీరింగ్ విద్యార్థి గుమ్మడి విఠల్‌రావు వచ్చి చేరాడు. రిక్షా తొక్కేవాళ్లను ఉద్దేశించి రాసిన ‘ఆపర రిక్షా’ అతని తొలి పాటల్లో ఒకటి. 1913లో అమెరికాలోని భారతీయ వలసదారులు పెట్టుకున్న గదర్ పార్టీ పేరును తన పాటల పుస్తకానికి పెట్టుకున్నాడు. పుస్తకం పేరే మనిషి పేరై గద్దర్‌గా నిలిచింది. కొన్నాళ్లు కెనరా బ్యాంకులో గుమాస్తాగా కూడా పనిచేశాడు. ఆ అసోసియేషన్ నుంచే పుట్టిన జననాట్యమండలిలో ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు కలిశాడు. పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసినవాడు. ఒకరిది మెదక్ యాస, ఇంకొకరిది శ్రీకాకుళం, విజయనగరం వైపు పలుకు. బృందం బలం సగం ఈ రెండు గొంతుల తేడాలోనే ఉందనిపిస్తుంది.

ఇక వాద్యం సంగతి. డప్పు తోలును మంట దగ్గర కాచి బిగువెక్కించి, చిర్రతో, చిటికెన పుల్లతో కొడతారు. మైకు లేకపోయినా అర కిలోమీటరు వినిపించే వాద్యం అది. చావుకు, జాతరకు, దండోరాకు పిలిచి, పని అయ్యాక గడప అవతలే నిలబెట్టిన వాద్యం కూడా అదే. దాన్ని వేదిక నడుమకు తేవడం ధ్వనికి సంబంధించిన నిర్ణయం మాత్రమేనని ఎవరూ పొరబడలేదు. డప్పుకు డోలక్, గజ్జెలు తోడయ్యాయి. భుజాన గొల్లకురుమల గొంగడి, చేతిలో కర్ర, పంచెకట్టు. బాణీలు చాలావరకు జనంలో ఉన్నవే: బతుకమ్మ పాట, ఒగ్గుకథ, జోలపాట, వీధిభాగోతం. పాట పాడుతున్నకొద్దీ మారేది. సభలో ఎవరున్నారన్నదాన్ని బట్టి చరణాలు చేరేవి, ఊడేవి. వంగపండు ‘భూమి భాగోతం’ లాంటి నృత్యనాటకం ఏ రెండు ప్రదర్శనల్లోనూ ఒకేలా ఉండి ఉండదు. రికార్డింగ్ స్టూడియోకు లొంగే కళ కాదది.

అయినా ఒకసారి లొంగింది. 1980 మార్చి 23న, భగత్‌సింగ్‌ను ఉరితీసిన తేదీన, ‘మా భూమి’ సినిమా విడుదలైంది. దాని పుట్టుక కొంచెం విప్పి చూడదగ్గది. పేరు కృష్ణా జిల్లా నాటకానిది. కథ మాత్రం కిషన్‌చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ నుంచి తీసుకున్నది. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు, దర్శకుడు గౌతం ఘోష్ బెంగాలీ, అతనికిది తొలి కథాచిత్రం. చిత్రీకరణ ఎక్కువగా మెదక్ జిల్లా మంగళపర్తిలో. కథానాయకుడు సాయిచంద్, నవలాకారుడు త్రిపురనేని గోపీచంద్ కొడుకు. ‘పల్లెటూరి పిల్లగాడా’ పాట సుద్దాల హనుమంతుది. గొల్లసుద్దులను పోరాటానికి మలిచిన కవి ఆయన. ‘బండెనక బండి కట్టి’ బండి యాదగిరిది, సాయుధ పోరాట కాలపు పాట. దాన్ని తెర మీద పాడింది గద్దర్. ఉద్యమం ముగిసి దాదాపు ముప్పై ఏళ్లయిన తర్వాత, 1949లో పుట్టిన గాయకుడి గొంతులో ఆ పాట మళ్లీ లేచింది. ఈ సినిమా హైదరాబాదులో ఏడాది పాటు ఉదయం ఆటగా నడిచింది. వ్యాపారపు అంచనాలు ఎవరి దగ్గరున్నా అవి తప్పాయి.

జననాట్యమండలికి ఒక్క ఆల్బమ్ చూపమంటే నేను దీన్నే చూపుతాను. అందులో ఒక చిక్కు ఉంది: బృందానికి అంత పేరు తెచ్చిన పాట బృందం రాసింది కాదు. చాలామంది ఇప్పటికీ అది గద్దర్ పాట అనే అనుకుంటారు. యాదగిరి పేరు వెనక్కి జరిగింది. ఉమ్మడి ఆస్తిగా బతికే పాటకు ఇది మామూలేనని సర్దుకోవచ్చు. చరిత్రకారుడు మాత్రం సర్దుకోకూడదు. వంగపండు ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ 1986లో ఆర్. నారాయణమూర్తి ‘అర్ధరాత్రి స్వతంత్రం’ సినిమాలోకి చేరింది. గూడ అంజయ్య ‘ఊరు మనదిరా’ కూడా రాసినవాడి పేరు విడిచి ఊళ్లు తిరిగింది.

ఎనభైల్లో టేప్‌రికార్డరు పల్లెకు చేరింది. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చినవి, పట్నంలో కొన్నవి. సభలో పట్టిన పాట మర్నాటికి ఇంకో క్యాసెట్‌లోకి ఎక్కేది, దాని నుంచి ఇంకోదానిలోకి. ప్రతి నకలుతో డప్పు కాస్త మసకబారేది, జనం చప్పట్లు, కేకలు మాత్రం పాటతో పాటే వెళ్లేవి. ఈ క్యాసెట్లను కాలక్రమంలో పేర్చడం కుదరని పని.

1985 జూలై 17న కారంచేడులో దళితుల హత్యలు జరిగాయి. ఆ ఘటన మీద గద్దర్ కట్టిన పాట బృందం చూపును కులం వైపు తిప్పింది. అదే ఏడాది గద్దర్ అజ్ఞాతంలోకి వెళ్లాడు. నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్‌తో జననాట్యమండలికున్న బంధం దాచిపెట్టింది కాదు. ఆ పార్టీ సాయుధ చర్యలు, వాటి మీద ప్రభుత్వ అణచివేత, రెండింటి నీడా బృందం మీద పడింది. పాటను ఇష్టపడిన వారంతా రాజకీయాన్ని ఒప్పుకున్నవారు కారు. మన కృష్ణా ప్రాంతంలో ప్రజానాట్యమండలి నేపథ్యం ఉన్న ఇళ్లలో ఈ తేడా బాగా తెలుసు: ఒక ఎర్రజెండా వాళ్లు ఇంకో ఎర్రజెండా వాళ్లతో వాదించేవారు, పాట వచ్చినప్పుడు మాత్రం వినేవారు.

1990 ఫిబ్రవరిలో, చెన్నారెడ్డి ప్రభుత్వం ఆంక్షలు సడలించిన కాలంలో, గద్దర్ బయటికొచ్చాడు. నిజాం కాలేజీ మైదానంలో జరిగిన సభకు వచ్చిన జనం బృందం జీవితంలోనే పెద్ద ఘట్టం. అది ఎంతోకాలం నిలవలేదు. 1992లో పీపుల్స్‌వార్ మీద నిషేధం పడింది. 1997 ఏప్రిల్ 6న ఇంట్లో ఉన్న గద్దర్ మీద గుర్తుతెలియని వ్యక్తులు కాల్పులు జరిపారు. ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. తర్వాతి గద్దర్ క్రమంగా ప్రత్యేక తెలంగాణ ఉద్యమపు గాయకుడయ్యాడు. 2011లో వచ్చిన ‘జై బోలో తెలంగాణ’ సినిమాలో ‘పొడుస్తున్న పొద్దు మీద’ ఆ దశకు చెందినది. డెబ్బైల్లో రెండు ప్రాంతాల మధ్య పాత గీతను లెక్కచేయకుండా తిరిగిన గొంతు ఇప్పుడు గీత గీయమని పాడింది. ఎ.కొండూరు, తిరువూరు వైపు దీన్ని ద్రోహంగా చూసినవారున్నారు, న్యాయమన్నవారూ ఉన్నారు. 1947 నాటకం చూసిన తరం బతికి ఉంటే ఏమనేదో ఊహించడం నా పని కాదు.

వంగపండు 2020 ఆగస్టులో, గద్దర్ 2023 ఆగస్టు 6న చనిపోయారు. 1995లో ‘ఒరేయ్ రిక్షా’ సినిమాకు రాసిన ‘మల్లెతీగకు పందిరి వోలె’ పాటకు ప్రకటించిన నంది పురస్కారాన్ని గద్దర్ తీసుకోలేదు. తెలంగాణ ప్రభుత్వం నందుల స్థానంలో పెట్టిన సినీ పురస్కారాలకు అతని పేరే పెట్టింది. 2025 జూన్‌లో హైదరాబాదులో వాటిని తొలిసారి అందజేశారు.