ఉన్న ఫైలును లేదను మాట

2012వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీని, ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి నగరమున నెలకొన్న యొక ధర్మసంస్థ, బాలబాలికలు ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొనవలెనను సంకల్పముతో తాను రూపొందించిన రాస్ప్‌బెరీ పై యను చిన్న కంప్యూటరును 35 డాలర్ల వెలకు విక్రయమునకు పెట్టెను. అరచేత నిముడు నా పలకపై లినక్సు నడచును. వేరొక కంప్యూటరున సిద్ధపరచిన ప్రోగ్రామును దానిలోనికి తెచ్చుకొని నడుపబోయిన వారికి పలుమార్లు ఎదురైన ప్రత్యుత్తర మిది: ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’, అనగా అట్టి ఫైలు లేదు. ఎల్‌ఎస్ అని కొట్టి చూచిన, ఫైలు కన్నులయెదుటనే యుండును. పరిమాణము సరిగనే యుండును. నడుపుటకు అనుమతియు నుండును. అయినను, నడువుమన్నంతనే యంత్రము లేదనును. ఈ చిన్న వాక్యమునకు ఆ చిన్న యంత్రముకంటె ఎంతో పూర్వపు చరిత్ర గలదు.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు ఆరంభించిన, తరువాత లినక్సునకు ఒరవడియైన యూనిక్సునందు, దాని నడిబొడ్డగు కెర్నెలు తనకు కలిగిన విఘ్నమును మాటలతో చెప్పదు. ఒక సంఖ్యను మాత్రము తిరిగి యిచ్చును. అందు 2వ సంఖ్యకు, వెదకిన ఫైలు దొరకలేదని యర్థము. ఆ సంఖ్యను వాక్యముగా మార్చి, ప్రక్కన ప్రోగ్రాము పేరు చేర్చి తెరపై వ్రాయువాడు, మన ఆదేశములను గైకొను షెల్లు. ప్రోగ్రాము తనకు కావలసినదంతయు తనలోనే ఇముడ్చుకొనియున్న నాళ్లలో ఈ యేర్పాటువలన ఏ చిక్కును లేకుండెను. 1980 జనవరిలో రిచీ ఒక నూతన పద్ధతిని ప్రవేశపెట్టెను: ఫైలు మొదట హాష్ గుర్తును ఆశ్చర్యార్థకమును ఉన్నచో, వాని తరువాత వ్రాసిన పేరుగల మరియొక ప్రోగ్రామును పిలిచి, ఈ ఫైలును దాని కప్పగింపవలెను. ఇది మిక్కిలి యుపయోగకరమైన కల్పన. కాని నాటినుండి ‘లేదు’ అను మాటకు రెండర్థము లేర్పడినవి. అడిగిన ఫైలు లేకపోవచ్చును. లేదా, ఆ ఫైలు తన తోడునకు పిలిచినది లేకపోవచ్చును. విండోసులో వ్రాసి తెచ్చిన స్క్రిప్టు మొదటి పంక్తి చివర కంటికి కనబడని యొక అక్షరము మిగిలియుండి, దానితో కూడిన పేరుగల ప్రోగ్రాము ఎచ్చటను లేక నిలిచిపోవుట ఈ రెండవ జాతి దోషమే.

యూనిక్సు సిస్టమ్ ఫైవ్ నాలుగవ విడుదలతో వచ్చి, 1990 దశకపు నడుమ లినక్సున స్థిరపడిన ఎల్ఫ్ అను ఫైలు రూపము ఈ ద్వంద్వార్థమును ప్రతి సామాన్య ప్రోగ్రామునకును వ్యాపింపజేసినది. ఎల్ఫ్ ఫైలు గర్భమునందు, తన్ను మేల్కొలిపి తనకు వలయు లైబ్రరీలను కూర్చి పెట్టవలసిన లోడరు చిరునామా వ్రాయబడియుండును. ఆ లోడరునకు పెట్టిన పేరు ఇంటర్‌ప్రెటర్. దుబాసి యనుటకంటె తగిన తెలుగు మాట నాకు తోచలేదు. కుంఫిణీ కాలమున మచిలీపట్టణపు రేవున దిగిన పరదేశ వర్తకుని యొద్ద సరకు ఎంత యున్నను, దుబాసి కుదరనిదే బేరము సాగుట దుర్లభముగదా! ఇచ్చటను అట్లే. వర్తకుడు వచ్చియున్నాడు, సరకు దిగినది. వాని చేతి లేఖలో పేర్కొన్న దుబాసి ఆ యూర లేడు. కెర్నెలు దుబాసికొరకే వెదకి, కానక, 2 అని చెప్పును; షెల్లునకు తెలిసినది వర్తకుని పేరొక్కటే గావున, వర్తకుడే లేడని ప్రకటించును. సంఖ్య సత్యము, దాని ప్రక్కన చేరిన పేరు అన్యము.

ఆర్మ్ ప్రాసెసర్ల లోకమున ఈ దుబాసీలు ఒక్కరు కారు. దశాంశ సంఖ్యలను ఒక ఫంక్షనునుండి మరియొకదానికి అందించుటలో రెండు సంప్రదాయము లేర్పడెను: సామాన్య రిజిస్టర్లలో ఉంచి పంపు సాఫ్ట్ ఫ్లోట్, దశాంశ గణితమునకై యేర్పడిన రిజిస్టర్లలో ఉంచి పంపు హార్డ్ ఫ్లోట్. ఒకదాని ప్రోగ్రాము రెండవదాని లైబ్రరీలతో పొసగదు. కావుననే 2012లో లినక్సు పంపిణీదారులు హార్డ్ ఫ్లోట్ లోడరునకు ప్రత్యేకమైన పేరు నిర్ణయించుకొనిరి. రాస్ప్‌బెరీ పై ఈ రెంటికిని నడుమ చిక్కుకొనెను. దాని ప్రాసెసరు ఆర్మ్ ఆరవ తరమునకు చెందినది; దశాంశ గణిత భాగము దానియందు కలదు; కాని లినక్సు పంపిణీదారులలో ఒకరైన డెబియనువారి హార్డ్ ఫ్లోట్ పంపిణీ ఏడవ తరము నుద్దేశించినది. అందుచే తొలుత దానికి లభించిన డెబియను సాఫ్ట్ ఫ్లోటు మాత్రమే. హార్డ్ ఫ్లోట్ ప్రోగ్రామును అందులోనికి తెచ్చిన వారికి ‘అట్టి ఫైలు లేదు’ అను మాటయే దక్కెను. మైక్ థాంప్సన్, పీటర్ గ్రీన్ అను నిరువురు పూనుకొని, 35 వేలకు పైబడిన ప్యాకేజీలను ఆ యారవ తరమునకై హార్డ్ ఫ్లోట్ పద్ధతిని మరల కంపైలు చేయించి, 2012 జూను నాటికి తొలి దఫా ముగించిరి. అదియే రాస్పియన్. కీర్తి పలకకు దక్కినంతగా ఈ పరిశ్రమకు దక్కలేదని నా విచారము.

రాస్పియన్ వచ్చిన పిదప దుబాసి దొరకెను గాని, వేరొక దోషము తలయెత్తెను. ఏడవ తరమునకై కంపైలు చేసిన ప్రోగ్రాము అదే లోడరును పిలుచును గావున ఇచ్చటను మేల్కొనును. పిమ్మట ఆరవ తరమెరుగని యాదేశ మొకటి తగిలినంతనే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని కూలును. 2015లో ఏడవ తరపు ప్రాసెసరుతో రెండవ రాస్ప్‌బెరీ పై వెలువడగా, దానిపై చక్కగా నడచిన ప్రోగ్రాము మొదటిదానిపై ప్రాణము విడుచుట సంభవించెను. రౌటర్లలో నడచు లినక్సు పంపిణీయగు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీయందు లైబ్రరీయే వేరు. 2015లో వారు యూసీలిబ్‌సీ యను లైబ్రరీని విడిచి మసల్‌ను చేపట్టినప్పుడు లోడరు పేరును మారెను.

ఈ వ్యాధులకు నిదానము తెలిసినవారు మొదట పట్టునది ఫైల్ అను కమాండును. 1973 నాటి యూనిక్సులోనే పుట్టిన యీ సాధనమును, 1980 దశకమున ఇయన్ డార్విన్ స్వేచ్ఛగా పంచుకొనదగినట్లు మరల వ్రాసెను. నేడు లినక్సున నున్నది అదియే. అది ప్రోగ్రామును నడుపదు. మొదటి బైట్లను చదివి, ఇది ఏ ప్రాసెసరు జాతిది, దీని దుబాసి యెవరు అని చెప్పును. చిన్న యంత్రమున అది లేకున్న, ఫైలును పెద్ద కంప్యూటరునకు కొనిపోయి యడుగవచ్చును. రీడ్‌ఎల్ఫ్ మరింత వివరముగా చెప్పును. ప్రోగ్రామునకు వలయు లైబ్రరీలను చూపు ఎల్‌డీడీ యైతే పరజాతి ప్రోగ్రామును చూచి, ఇది లైబ్రరీలతో కూర్చదగినది కాదని మరల తప్పుదారి పట్టించును.

2022లో వెలువడిన బాష్ షెల్లు 5.2వ విడుదలలో ఈ వాక్యమును సవరించిరి: ప్రోగ్రాము కలదు గాని దానికి అవసరమైన ఫైలు కానరాదని అది యిప్పుడు చెప్పును. అయితే రౌటర్లు మొదలగు చిరుయంత్రములలో పెక్కింట నుండునది బాష్ కాదు, బిజీబాక్సు అను సాధనముల మూటలోని చిన్న షెల్లు. అది నేటికిని ప్రోగ్రాము పేరు చెప్పి, ‘నాట్ ఫౌండ్’ అనియే పలుకుచున్నది.