రెండో గేరు నిలవాలి

ఆగండి. అప్పుడే కిక్ కొట్టకండి. ముందు హెడ్‌లైటు పైన ఉన్న ఆంపియర్ మీటరు చూడండి.

కిక్ మీద కాలు పెట్టి మెల్లగా కిందికి నొక్కండి. ముల్లు ఎడమకి ఒరిగి, మళ్లీ మధ్యకి వస్తుంది. ఇప్పుడు ఎడమ చేతి కింద ఉన్న చిన్న డీకంప్రెషన్ లివర్ లాగి పట్టుకుని, కిక్కును ఇంకో కొంచెం దించి వదలండి. ఇప్పుడు కొట్టండి, ఒళ్లు బరువంతా వేసి. పిస్టన్ ఎక్కడుందో చూసుకోకుండా కొట్టారంటే కిక్ వెనక్కి తంతుంది. ఆ తన్ను మీ చీలమండకే కాదు, గేర్‌బాక్స్ లోపల కిక్కును పట్టుకునే పాలు (pawl) అనే చిన్న కొక్కేనికీ తగులుతుంది. పాత బుల్లెట్లలో ఆ పాలు విరిగేది ఎక్కువగా ఇలాగే.

ఇంజన్ అందుకుంది. బద్వేలులో మైదుకూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు గానీ, నేలమీద పెట్టిన పానా అప్పుడే వేలు కాలుస్తోంది.

"ఒక రౌండు ఏసుకుని రా అన్నా. యాడ మోగుతాందో ఇని రా," అంటాడు మేస్త్రి.

గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. బొటనవేలితో పైకి లేపితే ఒకటి, కిందికి నొక్కుతూ పోతే రెండు, మూడు, నాలుగు. ఈ గేరుపెట్టె అసలు రూపం ఇంగ్లండులోని ఆల్బియాన్ కంపెనీది. మన సైన్యం 350 సీసీ బుల్లెట్లు కావాలన్నాక, 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. ఈ బళ్లు తిరువొత్తియూరులో తయారైనా, గేరు మాత్రం చాలా ఏళ్లు ఇంగ్లండు అలవాటు ప్రకారం కుడివైపే ఉండిపోయింది.

ఒకటిలో గరగర. రెండేసి యాక్సిలేటర్ తిప్పగానే ఠక్! కాలి కింద లివర్ తంతుంది, ఇంజన్ ఒక్కసారిగా అరుస్తుంది, బండి మాత్రం ముందుకు పోదు. గేరు జారిపోయింది. మళ్లీ వెయ్యండి. మూడులోనూ గరగరే. నాలుగులోకి రాగానే మోత బాగా తగ్గిపోతుంది.

ఆ మోత తగ్గడమే మేస్త్రికి కావాల్సిన మాట. నాలుగులో మెయిన్ షాఫ్టూ దాన్ని చుట్టి ఉండే స్లీవూ నేరుగా ముడిపడి తిరుగుతాయి. కింది లేషాఫ్ట్ ఖాళీగా తిరుగుతుంది, దానిమీద బరువు పడదు. మిగతా మూడు గేర్లలో బలమంతా దాని మీదుగానే పోవాలి. కాబట్టి మోత కిందిదే.

మీ ముందు రెండు దారులు. పై మూత తీస్తే గేరు మార్చే మెకానిజాన్ని సర్దే ప్లేటు కనిపిస్తుంది. బోల్టులు వదులు చేసి దాన్ని వెంట్రుకవాసి జరిపితే చాలాసార్లు గేరు నిలుస్తుంది. అరగంట పని. లేదంటే పెట్టె మొత్తం తెరవాలి. మేస్త్రి ముందు ప్లేటే జరుపుతాడు, అదే సరైన పద్ధతి. మళ్లీ రౌండు వేసి రండి. రెండు మళ్లీ జారింది. ఇంకా జరిపితే మూడు పోతుంది.

"తెరుచ్చామా?"

తెరవండి. ఇక్కడ నసిగినవాళ్లే తర్వాత రెండింతలు ఖర్చు పెడతారు.

గేర్లు కుడివైపు నుంచే బయటికొస్తాయి గానీ, మెయిన్ షాఫ్ట్ రావాలంటే ఎడమవైపు క్లచ్ ఊడాలి. ఎడమ మూత ఆయిల్ దించి, నడుమ ఉన్న ఒకే ఒక్క నట్టు విప్పండి. అంత పెద్ద మూత దానిమీదే నిలబడి ఉంది. క్లచ్ దిగింది. ఇక కుడివైపు సైలెన్సరు, ఫుట్‌రెస్టు, కిక్ రాడ్డు, గేరు లివరు. బయటి మూత వచ్చేసింది.

లోపలి మూత దగ్గర మెల్లగా. కిక్ పాలు వెనక ఒక చిన్న స్ప్రింగూ, ప్లంజరూ ఉంటాయి. అరచెయ్యి అడ్డం పెట్టండి. మూత కదులుతోంది. చెయ్యి తియ్యకండి. స్ప్రింగు ఎగిరి ఈ మట్టిలో పడిందంటే సాయంత్రం దాకా అయస్కాంతంతో జల్లించాల్సిందే. వచ్చింది. అరచేతిలోనే ఉంది.

కిరసనాయిల్లో కడిగిన గేరును వెలుతురులోకి తిప్పండి. పళ్లు బాగున్నాయి. పక్కన పొడుచుకుని ఉన్న డాగ్స్ చూడండి. ఎదుటి గేరును పట్టుకోవాల్సినవి అవే. కొత్తవాటికి అంచు గోరు తెగేంత పదునుగా ఉంటుంది. వీటి మూలలు అరిగి, వాడిన సబ్బుబిళ్లలా నునుపుదేలాయి. బరువు పడగానే ఒకదాని మీంచి ఒకటి జారక ఏంచేస్తాయి? గేర్లను జరిపే ఫోర్కు కొసలు కూడా ఒకవైపే మెరుస్తున్నాయి. లేషాఫ్ట్ కొస పట్టుకుని ఊపితే బుష్షులో లటలటలాడుతోంది. గరగర ఇక్కడిదే.

కొత్త డూప్లికేట్ గేర్లు దొరుకుతాయి, చవగ్గానే. మేస్త్రి తల అడ్డంగా ఊపుతాడు. నేనూ ఆయన పక్షమే. మెత్తని ఉక్కు కొత్తగా మెరిసినా త్వరగానే అరుగుతుంది. మద్రాసు పుదుపేటలో విప్పిన బళ్ల నుంచి మంచి ఒరిజినల్ గేరు వెతికించడం మేలు. బుష్షు మటుకు మన ఊళ్లోనే లేత్ మీద గన్‌మెటల్‌తో తీయిస్తారు. షాఫ్ట్ తీసుకెళ్లి, దానికి సరిపోయేలా. సైజు కాగితం మీద రాసుకుపోతే ఒప్పుకోడు లేత్ ఆయన, షాఫ్టే చేతికివ్వాలి.

పార్సిలు వచ్చాక బిగింపు. మందపాటి కాగితాన్ని మూత మీద పరిచి, అంచు వెంబడి సుత్తితో తడుతూ పోతాడు మేస్త్రి. కాగితం అంచు దగ్గరే తెగి ప్యాకింగు తయారవుతుంది. మూత మూసే ముందు వెనక చక్రం చేత్తో తిప్పుతూ గేర్లన్నీ వేసి చూడండి. చక్రం ఆపి వేస్తే డాగ్స్ ఎదురెదురుగా నిలబడిపోతాయి, గేరు పడలేదని పొరపడతారు. నాలుగూ పడ్డాయి. గ్రీజూ ఆయిలూ పోశారు. ఇక రోడ్డు.

నెల్లూరు రోడ్డు. గోపవరం దాటితే వెలిగొండలు. ఎక్కేటప్పుడు రెండో గేరు గట్టిగా లాగుతోంది. బాగుంది. కానీ అసలు పరీక్ష దిగుడులో.

దిగుతున్నారు. యాక్సిలేటర్ మూశారు. 160 కిలోలకు పైబడిన బండి, దానిమీద మీరు. ఇంజనే బండిని పట్టి ఉంచాలి. ఎదురుగా కృష్ణపట్నం నుంచి వచ్చే లారీ, మలుపు మొత్తం దానిదే.

బ్రేకు!

కుడికాలు దానంతటది లేస్తుంది. ఆపండి. అది గేరు. తొక్కితే మూడు పడుతుంది. ఇంజన్ పట్టు వదులుతుంది. బండి ఇంకా పరిగెడుతుంది.

ఎడమకాలు. ఎడమ.

తొక్కండి. డ్రమ్ము మెల్లగా అందుకుంటోంది. ముందు బ్రేకూ కలపండి. అంచుకు రండి. లారీ గాలి మొహాన కొడుతుంది. వెళ్లిపోయింది.

రెండో గేరు? వినండి. ఇంజన్ ఇంకా బండిని వెనక్కి లాగి పట్టుకునే ఉంది. ఠక్ లేదు. జారలేదు.

షెడ్డుకి వచ్చి చెబుతారు. మేస్త్రి నవ్వడు, పానా తుడుచుకుంటాడు.

"రెండొందల కిలోమీటర్లు తిరిగి రా అన్నా. ఆయిలు దించి చూచ్చాం."

దించినప్పుడు ఆ ఆయిలు వేళ్ల మధ్య రుద్ది చూస్తారు. పసుపుపచ్చ మెరుపు కొంచెం ఉంటే అది కొత్త బుష్షు సర్దుకోవడం, భయం లేదు. ఇనుప తునక గుచ్చుకుంటే మళ్లీ విప్పాల్సిందే. అందాకా ఘాట్ రోడ్డు వద్దు, పోరుమామిళ్ల వైపు తిరగండి. మూడో గేరులో ఎక్కువసేపు పోనివ్వండి, లేషాఫ్ట్ మీద బరువుండాలి కదా.